చెంచుల అల్లుడి ఊరికి

మా కమలాపురం దిక్కు ముసలివాళ్ళు శ్రీశైలం అనరు. పర్వతం అంటారు. "పర్వతం పోయొచ్చినాము" అంటే ఇంకే కొండా కాదు, ఆ ఒక్క కొండే. చిన్నప్పుడు మాకు అది వింతగా ఉండేది. చుట్టూ ఎన్ని గుట్టలు లేవు! తర్వాత చదువుకున్నప్పుడు తెలిసింది, ఈ మాట చాలా పాతదని. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో శ్రీశైల యాత్ర గురించి చెప్పిన భాగం పేరే పర్వత ప్రకరణం. 1794లో అక్కడికి వెళ్ళిన కాలిన్ మెకంజీ అనే ఇంగ్లీషు కంపెనీ సైనికాధికారి కూడా ఆ ఊరి పేరు పర్వతం అనే రాసుకున్నాడు. అంటే మా అవ్వల నోట్లో ఉన్న మాట, పుస్తకంలో ఉన్న మాట ఒకటే. ఈ చిన్న సంగతి మాకు ధైర్యం ఇచ్చింది. అవ్వల నోట్లో ఇంకా ఏమేం ఉన్నాయో వెతకాలని బయలుదేరాం.

మేము అంటే కొందరు సుగాలి పిల్లలు, ఎరుకల పిల్లలు, ఇద్దరు యానాది యువకులు, వాళ్ళకు చదువు చెప్పే ముగ్గురు టీచర్లు. మాలో చెంచులు ఎవరూ లేరు. ఈ మాట ముందే చెప్పుకోవాలి. మేము రాసేది చెంచుల చరిత్ర కాదు, చెంచుల కొండకు వెళ్ళిన వేరే గిరిజనులు చూసి వచ్చిన సంగతులు.

పర్వతానికి నాలుగు దిక్కులా నాలుగు ద్వారాలు ఉన్నాయంటారు. తూర్పున త్రిపురాంతకం, పడమర అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం, దక్షిణాన మన కడప జిల్లా సిద్ధవటం. మూలల్లో నాలుగు ఉపద్వారాలు. అందులో నైరుతి మూల ఉపద్వారం పుష్పగిరి. పుష్పగిరి మాకు ఎంత దగ్గరంటే, పెన్నలో నీళ్ళు లేనప్పుడు ఇసుకలో ఆడుకోవడానికి పోయేవాళ్ళం. పర్వతం గడప మా ఇంటి ముందరే ఉందని ఎవరూ మాకు చెప్పలేదు. బడి పాఠంలోనూ లేదు.

ఇప్పుడు దారి సులువు. కమలాపురం నుంచి మైదుకూరు, నంద్యాల, ఆత్మకూరు మీదుగా దోర్నాల చేరి, అక్కడి నుంచి ఘాట్ ఎక్కితే సరి. మేము దోర్నాల చేరేసరికి రాత్రి తొమ్మిది దాటింది. అడవి జంతువుల కోసం రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారి ఆరు దాకా ఆ రోడ్డు మూసేస్తారు. గేటు ముందర వ్యాన్‌లోనే పడుకున్నాం. దోమలు, చలి, పిల్లల గొడవ. ఎవరికీ నిద్ర లేదు. అయితే ఆ రాత్రి వృథా పోలేదు. ఘాట్ రోడ్డు లేని రోజుల్లో ఇక్కడికి ఎట్లా వచ్చేవారు అని ఒక పిల్లవాడు అడిగాడు. జవాబు చెప్పడానికి గంట పట్టింది.

కర్నూలు వైపు నుంచి నడిచేవారి పాత దారి ఆత్మకూరు దగ్గర మొదలవుతుంది. నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం. ఈరోజుకీ శివరాత్రికి, ఉగాదికి వేలమంది ఆ దారినే నడుస్తారు. ఉగాదికి కన్నడ దేశం నుంచి వచ్చేవాళ్ళలో కొందరు కాళ్ళకు కర్రలు కట్టుకుని నడుస్తారు. పన్నెండో శతాబ్దంలో అక్క మహాదేవి, అల్లమ ప్రభువు ఈ కొండకే వచ్చారు. ప్రోలయ వేమారెడ్డి మెట్లు కట్టించాడు. రెండో హరిహర రాయల రాణి విఠలాంబ 1393లో పాతాళగంగకు మెట్లు కట్టించింది. కట్టించినవాళ్ళ పేర్లు రాయి మీద ఉన్నాయి. మరి మెట్లు లేని చోట, పులి తిరిగే చోట, నీళ్ళు ఎక్కడున్నాయో తెలియని చోట, యాత్రికుల ముందు నడిచింది ఎవరు? చెంచులు. దారి చూపారు, కాపలా కాశారు. అందుకు యాత్రికుల దగ్గర రుసుం తీసుకునే హక్కు వాళ్ళకు ఉండేది. తిరునాళ్ళలో రథం లాగే పని కూడా వాళ్ళదే. అంటే అది బిచ్చం కాదు, హక్కు. ఈ తేడా మా పిల్లలకు రెండుసార్లు చెప్పాం. ఎందుకంటే తర్వాతి కాలంలో దాన్నే యాత్రికుల దగ్గర గుంజుకోవడం అని కొందరు రాశారు. ఒకే పని, రాసే చేయి మారితే పేరు మారిపోయింది.

తెల్లవారి గేటు తీశారు. ఎండు టేకాకుల మీద పొగమంచు. మలుపు మలుపుకు కోతులు. పిల్లలు పులి కోసం కళ్ళు పెద్దవి చేసుకుని చూశారు. పులి రాలేదు, కొండగొర్రె ఒకటి కనిపించింది, అంతే.

గుడి గురించి అందరికీ తెలిసిన సంగతులు త్వరగా చెప్పేస్తాం. పన్నెండు జ్యోతిర్లింగాల్లో మల్లికార్జునుడు ఒకరు, పద్దెనిమిది శక్తిపీఠాల్లో భ్రమరాంబ ఒకరు. గౌతమీ బాలశ్రీ నాసిక్ శాసనంలో శాతకర్ణి ఏలిన కొండల జాబితాలో సిరిటన అనే పేరుంది, అది ఈ కొండేనని చరిత్రకారులు చెబుతారు. అంటే 1,800 ఏళ్ళకు పైబడిన పేరు. రెడ్డి రాజు అనవేముడు పద్నాలుగో శతాబ్దంలో వీరశిరోమంటపం కట్టించాడు. భక్తి ముదిరినవాళ్ళు అక్కడ తలలు, నాలుకలు కోసుకునేవారట. పిల్లలు ఆ మంటపం దగ్గర చాలాసేపు నిలబడ్డారు, మాకేమో అక్కడి నుంచి త్వరగా కదలాలనిపించింది. కృష్ణదేవరాయలు 1515లో వచ్చాడు. శివాజీ 1677లో వచ్చాడు. వచ్చిన ప్రతి రాజూ ఏదో ఒకటి కట్టి పేరు చెక్కించుకుని పోయాడు.

మేము చూడాలనుకున్నది గుడి లోపల కాదు, బయట ప్రాకారం గోడ.

ఆ గోడ విజయనగర కాలం నాటిది. సుమారు ఇరవై అడుగుల ఎత్తు. రాయి వెంట రాయి, వరస వెంట వరస, బొమ్మలే బొమ్మలు. ఏనుగులు, గుర్రాలు, కుస్తీ పట్టేవాళ్ళు, ఆడేవాళ్ళు, మునులు, వేట. దర్శనం లైన్లో నిలబడ్డవాళ్ళు ఈ గోడను ఆనుకుని నిలబడతారు, కానీ వెనక్కి తిరిగి చూసేవాళ్ళు తక్కువ. మా ఎరుకల పిల్ల ఒకతి ముందుగా కనిపెట్టింది. "సార్, ఈ ఆయన చేతిలో విల్లు ఉంది, జతలో కుక్క కూడా ఉంది. దేవుడు కుక్కను పెట్టుకుంటాడా?" ఆ బొమ్మనే చెంచు మల్లయ్య అంటారు. శివుడు వేటగాడి వేషంలో ఉన్నాడు. ఆ పిల్ల ఇంట్లో వాళ్ళ తాత ఇప్పటికీ కుక్కలను వెంటబెట్టుకుని తిరుగుతాడు. ఊళ్ళో అందుకు అతన్ని చిన్నచూపు చూస్తారు. ఆమె ఆ రాతి కుక్కను చేత్తో తడిమింది. మేము ఏమీ వివరించలేదు, అవసరం లేకపోయింది.

మల్లయ్య కథ నల్లమలలో అందరికీ తెలుసు. శివుడు వేటకు వచ్చి చెంచు పిల్లను చూసి మనసుపడి పెళ్ళి చేసుకున్నాడు. అందుకే చెంచులకు మల్లన్న అల్లుడు. దేవుడు, స్వామి, తండ్రి అని మనం పిలుస్తాం. వాళ్ళు అల్లుడు అంటారు. ఈ కొండలకే దక్షిణం వైపున్న అహోబిలంలో నరసింహస్వామి కూడా చెంచులక్ష్మిని చేసుకుని వాళ్ళకు అల్లుడయ్యాడు. అక్కడ కనుమ నాడు మొదలయ్యే పారువేటలో స్వామి పల్లకి తన పెళ్ళికి పిలవడానికి నలభై రోజులకు పైగా ఊరూరా తిరుగుతుంది. శైవం, వైష్ణవం కొట్టుకున్న కాలంలో కూడా ఆ ఇద్దరు దేవుళ్ళు పిల్లను మాత్రం ఒకే ఇంట్లో అడిగారు!

అయితే శ్రీశైలానికి వేరే కథలు కూడా ఉన్నాయి. చంద్రవతి అనే రాజకుమార్తె మల్లెపూలతో లింగాన్ని పూజించింది, అందుకే మల్లికార్జునుడు అయ్యాడు అనేది ఒకటి. కన్నడిగులు భ్రమరాంబను తమ ఆడపడుచు అంటారు, ఉగాదికి పుట్టింటి సారె, పసుపు కుంకుమ తెస్తారు. వాళ్ళకూ మల్లన్న అల్లుడే. శివరాత్రి నాడు చీరాల వైపు నుంచి వచ్చే నేతపనివారు చీకట్లో గుడి శిఖరానికి తలపాగా చుడతారు, పెళ్ళికొడుక్కి చుట్టినట్టు. మరి ఎవరి అల్లుడు? మా టీచర్లలో ఒకాయన, ఇదంతా గిరిజనుల దేవుణ్ణి పెద్దకులాలవాళ్ళు లాక్కోవడమే అన్నాడు. ఇంకొకామె ఒప్పుకోలేదు. "లాక్కుంటే కథలో చెంచు పిల్లను ఎందుకు మిగల్చాలి? తుడిచేసేవాళ్ళు కదా" అంది. ఆయన, "అమ్మాయిని మిగిల్చారు, అడవిని మిగల్చలేదు" అన్నాడు. మాలో ఈ వాదన ఇంటికి వచ్చేదాకా తెగలేదు. మాకు అనిపించేది ఇది: పెళ్ళి కథ నిజంగా జరిగిందా అని అడిగితే చరిత్ర జవాబు చెప్పలేదు. కానీ గుడి పెద్దలకూ అడవి మనుషులకూ మధ్య ఒక ఒప్పందం కావలసివచ్చింది, చెంచుల సాయం లేకుండా ఆ కొండ మీద ఏ గుడీ నడవదు, ఆ ఒప్పందానికి గుర్తు ఈ పెళ్ళి. రాజులు సంధి చేసుకున్నప్పుడు కూడా పిల్లను ఇచ్చి పుచ్చుకోవడమే కదా చేశారు.

అల్లుడు అనే మాటలో బరువు ఎంతో తేనె తీసే పద్ధతి తెలిస్తే అర్థమవుతుంది. కొండ చరియలకు పట్టే తేనె కోసం చెంచు తాడు కట్టుకుని లోయలోకి దిగుతాడు. పైన తాడు పట్టుకునేవాడు అతని భార్య తమ్ముడో అన్నో, అంటే బావమరిదే అయి ఉండాలి. తన అక్కచెల్లెలు ముండమోయడం వాడికి ఇష్టం ఉండదు కాబట్టి తాడు వదలడు. పిల్లనిచ్చిన ఇల్లంటే ప్రాణం పట్టుకున్న చేయి అన్నమాట. దేవుడి తాడు కూడా తమ చేతిలోనే ఉందని చెంచులు అనుకుని ఉంటారు.

గుడి బయట వీధిలో కుంకుళ్ళు, తేనె అమ్ముకుంటూ ఒక చెంచు అవ్వ కూర్చుని ఉంది. మేము దగ్గర కూర్చున్నాం.

"ఏ ఊరు నాయనా మీది?"

"కమలాపురం అవ్వా. కడప దిక్కు."

"మా అల్లుణ్ణి చూసేదానికి వచ్చినారా? చూసినారా, బాగుండాడా?"

మా పిల్లలు నవ్వారు. ఆమె నవ్వలేదు. నిజంగానే అడిగింది. "బాగుండాడు అవ్వా, బంగారు తొడుగు వేసుకుని ఉండాడు" అని చెప్పాం.

"ఉంటాడు. మేము పోతే లైన్లో నిలబడమంటారు. అల్లుని ఇంటికి అత్త పోతే లైను ఏంది నాయనా?" అంది. కాసేపు ఆగి, తనకు కలిగిన కోపం మా మీద కాదన్నట్టు, ఒక పిల్లవాడి చేతిలో తేనెపట్టు ముక్క పెట్టింది. డబ్బు తీసుకోలేదు.

సంక్రాంతి బ్రహ్మోత్సవంలో జరిగే కల్యాణానికి గుడివాళ్ళు చెంచులను పిలుస్తారు. వాళ్ళు అడవి పూలు, తేనె, ఆకులతో చేసిన పెళ్ళి సామాను పట్టుకుని వస్తారు. ఆ రోజు వాళ్ళు అత్తింటివారే. మిగతా రోజుల సంగతే అవ్వ చెప్పింది. ఊరి మొదట్లో చెంచులక్ష్మి పేరుతో గిరిజన మ్యూజియం ఒకటి ఉంది. చూడదగినదే. విల్లంబులు, డోళ్ళు, బుట్టలు ఉన్నాయి. మా ఎరుకల పిల్లలు బుట్ట అల్లికను చూసి తప్పు ఒప్పులు చెప్పుకున్నారు. అద్దాల వెనక ఉన్న చెంచు బొమ్మ ముందు ఫొటో దిగేవాళ్ళు, బయట కూర్చున్న అవ్వ దగ్గర బేరం ఆడుతున్నారు. మేము కూడా ఫొటో దిగాం, దాచుకోవడం ఎందుకు.

ఇక కాగితాల సంగతి. 1794 నాటి మెకంజీ రాతలు కంపెనీవాళ్ళ ఆసియాటిక్ రీసెర్చెస్ అనే సంపుటిలో 1798లో అచ్చయ్యాయి. ఇంగ్లీషులో శ్రీశైలం గురించి వచ్చిన తొలి వివరణల్లో అది ఒకటి. అప్పటికి ఆ సీమ కర్నూలు నవాబుల కింద ఉంది. 1839లో నవాబును దించి కంపెనీ కర్నూలును కలుపుకుంది. 1840ల్లో న్యూబోల్డ్ అనే మరో సైనికాధికారి చెంచుల మీద విడిగా ఒక వ్యాసం రాశాడు. చూడండి క్రమం: ముందు గుడిని చూశారు, తర్వాత భూమి తీసుకున్నారు, ఆ తర్వాత మనుషులను చూశారు. చివరికి అడవి. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది, నల్లమల రిజర్వు అడవి అయింది. నిన్నటిదాకా ఎవరినీ అడగకుండా తిరిగిన చోట ఇప్పుడు అనుమతి కావాలి. దారి కాసేవాడు దారిలో అనుమానితుడు అయ్యాడు.

ఈ భాగం మాకు పరాయిది కాదు. 1871లో ఉత్తరాదిలో మొదలైన నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాజ్యానికీ వచ్చింది. మా ఎరుకల తాతలు రాత్రిపూట పోలీసులకు హాజరు చెప్పుకున్న కాలం అదే. స్టూవర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లు పుట్టిందీ అప్పుడే. ఉప్పు, ధాన్యం ఎద్దుల మీద వేసుకుని దేశమంతా తిరిగిన మా సుగాలి పెద్దలు, రైలు వచ్చి బేరం పోయాక అనుమానం కిందికి వచ్చారు. మా కమలాపురం మీదుగా పోయే మద్రాసు - బొంబాయి రైలుదారి అందరికీ అభివృద్ధి. మా తండాలో దానికి ఇంకో కథ ఉంది. ఆ చట్టం 1952లో రద్దయింది. మాట మాత్రం ఇప్పటికీ కొందరి నోటి నుంచి పోలేదు. మా పిల్లవాడొకడు అడిగాడు: "సార్, చెంచులు అల్లుణ్ణి దేవుణ్ణి చేసుకున్నారు కదా, మరి వాళ్ళను ఎందుకు అనుమానించారు?" చట్టం రాసినవాళ్ళకు చుట్టరికాలు తెలియవు రా అన్నాం.

1940లో హైమెన్‌డార్ఫ్ అనే శాస్త్రజ్ఞుడు కృష్ణకు అవతల, నిజాం రాజ్యంలోని అమ్రాబాద్ పీఠభూమి మీద చెంచుల మధ్య ఉండి, 1943లో పుస్తకం తెచ్చాడు. చెంచుల గురించి ఈనాటికీ అందరూ చూసే పుస్తకం అది. ఆయన గొప్పగా పనిచేశాడు, సందేహం లేదు. కానీ బయటివాడు. చెంచు పిల్లలు రాసిన పుస్తకం కోసం మేము ఎదురుచూస్తున్నాం.

సాయంత్రం పాతాళగంగకు దిగాం. ఎనిమిది వందలకు పైగా మెట్లు. రోప్‌వే ఉంది గానీ పిల్లలు మెట్లే కావాలన్నారు, ఎక్కేటప్పుడు తెలిసివచ్చింది. కింద నీళ్ళు నల్లగా, కదలకుండా ఉన్నాయి. అది నది కాదు, డ్యాము వెనక నిలబెట్టిన నీళ్ళు. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేశాడు, 1980ల మొదట్లో నీళ్ళు నింపారు. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో సుమారు వంద ఊళ్ళు మునిగాయి, లక్షమంది దాకా లేచిపోయారు. కూడవెల్లి గుడిని రాయి రాయి విప్పి అలంపురం తీసుకుపోయి మళ్ళీ కట్టారు. సప్తనదీ సంగమేశ్వరం గుడి ఎండాకాలంలో బయటపడి, వాన వస్తే మునుగుతుంది. గుడి రాళ్ళకు నంబర్లు వేసి దాచారు. ఊరి మనుషులకు అట్లా నంబర్లు వేసి ఒకచోట నిలబెట్టినవాళ్ళు ఎవరు?

ఇక్కడ మేము నోరు తగ్గించుకోవాల్సిన సంగతి ఒకటి ఉంది. శ్రీశైలం నీళ్ళే పోతిరెడ్డిపాడు దగ్గర కాలువకు ఎక్కి, గోరకల్లు, అవుకు దాటి, గండికోట మీదుగా మా దిక్కు సర్వరాయసాగర్‌కు చేరాలి. ఆ నీళ్ళ కోసం మా సీమ ఎన్నేళ్ళుగా అడుగుతోందో చదివేవాళ్ళకు తెలుసు. శనగ చేలు ఎండినప్పుడు మేమూ అడిగాం. మా చేనుకు వచ్చే ప్రతి చుక్కా ఎవరి ఊరి మీదుగానో వస్తుంది. మా యానాది పిల్లవాడు నీళ్ళలో చేయి పెట్టి, "ఇది మనకు వచ్చేదేనా సార్?" అన్నాడు. అవును అన్నాం. వెంటనే వాడు చేయి తీసేశాడు. ఎందుకో అడగలేదు.

డ్యాము ఒకటే కాదు. 1978లో నాగార్జునసాగర్ - శ్రీశైలం అభయారణ్యం వచ్చింది, 1983లో పులుల ప్రాజెక్టులో చేరింది. మంచిదే, పులి ఉంటేనే అడవి ఉంటుంది. చెంచులూ అదే అంటారు. కానీ పులినీ చెంచునూ ఒకే అడవిలో ఇన్ని వేల ఏళ్ళు కాపాడింది ఎవరన్న ప్రశ్న వదిలేసి, పెంటలను ఎక్కడికి జరపాలన్న ప్రశ్నే ముందుకు వస్తుంది. చెంచులను బాగా వెనకబడిన ఆదిమ తెగగా గుర్తించారు, వాళ్ళ కోసమే శ్రీశైలంలో ఐటీడీఏ ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం అట్లాంటి తెగలకు ఇల్లూ పొలమూ మాత్రమే కాదు, తమ ఆవాసమంతటి మీదా హక్కు అడిగే వీలు ఇచ్చింది. ఆవాసం అంటే తేనె చరియ, దుంపలు దొరికే వాగు, దేవుడి గుట్ట, అన్నీ. 2011 లెక్కల ప్రకారం ఉమ్మడి రాష్ట్రంలో చెంచులు సుమారు 64 వేలు. మా కమలాపురం నియోజకవర్గం ఓటర్ల కంటే తక్కువ. అందుకే వాళ్ళ మాట ఎవరికీ వినిపించదేమో అని ఒక టీచర్ లెక్క వేసి చెప్పింది.

మరునాడు తిరుగు ప్రయాణంలో నేరుగా ఇంటికి పోకుండా పుష్పగిరి దగ్గర ఆగాం. పెన్నలో నీళ్ళు లేవు. ఇసుక కాలుతోంది. చెప్పులు చేతపట్టుకుని పరుగెత్తి, అవతలి ఒడ్డు మీది చెన్నకేశవాలయం చేరాం. ఆ గుడి గోడల మీద కిరాతార్జునీయం కథ చెక్కారు. అడవి పంది కోసం అర్జునుడూ బోయవేషంలో ఉన్న శివుడూ కొట్టుకున్న కథ. మాలో సగంమంది ఆ గోడ మీద కూర్చుని చిన్నప్పుడు జామకాయలు తిన్నవాళ్ళమే.

ఎరుకల పిల్ల గోడ వెంట వంగి వంగి చూస్తూ పోతోంది. ఏం వెతుకుతున్నావని అడిగితే, "ఇక్కడ కుక్క ఉందేమో చూస్తున్నా సార్" అంది.